సబబు తరగతి

నల్లరేగడిపాడు ప్రాథమిక పాఠశాలలో గోడలు పడగొడుతున్నప్పుడు ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. వేసవి సెలవులు. మూడు రోజులపాటు పలుగుల చప్పుడు వినిపిస్తే బడికి మరమ్మతులేమో అనుకున్నారు. జూన్‌లో పిల్లల్ని దింపడానికి వెళ్లినవాళ్లకు ఐదు గదులు ఉండాల్సిన చోట ఒకే గది కనిపించింది. ఈ కొసన నిలబడి చూస్తే ఆ కొసన ఉన్న మనిషి ఆడో మగో తెలియనంత గది. పక్కనున్న రెండు పేటల బళ్లు కూడా మూసేసి ఆ పిల్లల్నీ ఇక్కడికే తెచ్చారు. మొత్తం నూట ఎనభై ఏడుగురు. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అందరూ ఒకే కప్పు కింద, ఒకే గోలలో కూర్చున్నారు. టీచర్లు ఐదుగురు. గదికి మూలలు నాలుగే కాబట్టి ఐదో ఆమె మధ్యలో నిలబడింది.

గుమ్మం మీద కొత్త బోర్డు పెట్టారు: ‘సమ్మేళిత బహుతరగతి బృందబోధన కేంద్రం’. ఇంత పేరు రోజూ ఎవరు రాస్తారని ఆఫీసువాళ్లు దాన్ని స.బ.బృ. అని కుదించారు. టైపు మిషను మీద ‘బృ’ సరిగ్గా పడక అది ‘సబబు’ అయి కూర్చుంది. ఆ కాగితం మీద పైవాళ్ల సంతకాలు అయిపోయాయి కనుక దాన్ని దిద్దే అధికారం కిందివాళ్లెవరికీ లేకపోయింది. అలా పథకం పేరు సబబు పథకం, తరగతి పేరు సబబు తరగతి అయ్యాయి.

బజారు వీధిలో కారం మర నడిపే శేషారత్నం కూతురు ప్రవల్లిక ఈ తరగతిలో చేరిన నూట ఎనభై ఏడుగురిలో ఒకతి. శేషారత్నం భర్త మిరపకాయల లారీ మీద డ్రైవరు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. మర పనీ పిల్ల పనీ ఆమెవే. పన్నెండేళ్లుగా మర పక్కన నిలబడి మాట్లాడడంతో ఆమె గొంతు ఆ స్థాయిలోనే స్థిరపడిపోయింది. ఆమె ఎవరి చెవిలోనైనా రహస్యం చెబితే రెండు ఇళ్ల అవతలివాళ్లు “అట్టాగా?” అని అడిగేవాళ్లు.

వల్లి కిందటేడు ఒకటో తరగతిలో హైమవతి టీచరు దగ్గర చదివింది. సంక్రాంతి సెలవులు అయ్యేసరికే గుణింతాలు పట్టుకుంది. బజారులో నడుస్తుంటే చెయ్యి లాగి లాగి ‘ఎ-రు-వు-ల దు-కా-ణం’ అని చదివేది. ఇంట్లో మందు సీసాల మీద పేర్లు కూడా చదివి తల్లిని భయపెట్టేది. అలాంటి పిల్ల జూన్ నెలాఖరుకు బోర్డుల వంక చూడడమే మానేసింది.

“ఏం చెప్పారే ఇయ్యాల బళ్లో?” అని శేషారత్నం అన్నం పెడుతూ అడిగింది.

వల్లి చేతులు కట్టుకుని అప్పజెప్పింది. “ఆవుకు ఏడు కాళ్లు. ఆకులు తూర్పున ఉదయించును. మన రాజధాని నుంచి పాలు వచ్చును.”

“ఎవురే చెప్పింది అట్టా?”

“అందరూనమ్మా. ఒక టీచరు ఆవు చెప్తది, ఒక సారు లెక్కలు చెప్తాడు, ఇంకో టీచరు ఆకులు చెప్తది. నేను మధ్యలో కూచున్నా గదా, నాకు అందరియ్యీ వినపడతయ్యి.”

మర్నాడు శేషారత్నం మర కట్టేసి బడికి వెళ్లింది. హెడ్మాస్టరు కమలాకరం గారు ఆమెను వరండాలోకి తీసుకెళ్లారు. మంచి మనిషి. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎవరి మీదా గొంతెత్తి ఎరగరు. ఇప్పుడు ఎత్తినా ఎవరికీ వినపడదు.

“మీరు చెప్పింది నిజమేనమ్మా. పొరపాటు జరిగింది. ఎవరి తరగతికి వాళ్లం పాఠం చెప్పుకున్నాం. దక్షిణామూర్తి గారు వచ్చి చూసి, అది బృందబోధన కానేకాదన్నారు. రేపట్నుంచి సరిచేస్తాం” అన్నారాయన.

దక్షిణామూర్తి గారు సబబు పథకానికి ప్రత్యేకాధికారి. జిల్లా కేంద్రంలో ఆయనకు సొంత గది, దానికి చల్లని గాలి, తలుపు మీద ఇత్తడి పలక ఉన్నాయి. బృందబోధన అంటే ఐదుగురు ఐదు పాఠాలు చెప్పడం కాదనీ, ఒకే పాఠాన్ని ఐదుగురూ కలిసి చెప్పడమనీ ఆయన వివరించారు. ఆ ప్రకారం ఒకరు ప్రధాన బోధకులు, ఒకరు సహాయక బోధకులు, ఒకరు పరిశీలక బోధకులు, ఒకరు నమోదు బోధకులు, ఒకరు ఆనంద బోధకులు. ప్రధాన బోధకురాలు ‘ఆవు’ అంటే సహాయక బోధకుడు ఆవు బొమ్మ ఎత్తి చూపాలి. పరిశీలకుడు పిల్లలు చూశారో లేదో చూడాలి. నమోదు బోధకుడు చూసినట్టు రాసుకుని ఫొటో తీసి పైకి పంపాలి. ఆనంద బోధకురాలు చప్పట్లు కొట్టాలి. పదవులు రోజుకొకరికి మారతాయి. సోమవారం ఆవును మొదలుపెట్టిన మనిషి మంగళవారం చప్పట్లు కొడుతుంటే ఆవును మరొకరు ముందుకు తోలాలి.

ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న పిల్లలందరికీ ఒకే పాఠం అంటే ఏ తరగతి పాఠం చెప్పాలని కమలాకరం గారు అడిగారు. దక్షిణామూర్తి గారు ఆయన వంక జాలిగా చూశారు. ఒకటికీ ఐదుకూ సగటు మూడు. అందువల్ల అందరికీ మూడో తరగతి. ఐదో తరగతి పిల్లలు రెండేళ్లు వెనక్కి వచ్చారు, ఒకటో తరగతి పిల్లలు రెండేళ్లు ముందుకు వెళ్లారు. మధ్యలో అందరూ కలిశారు. సమ్మేళనమంటే అదే.

ఆగస్టులో తల్లిదండ్రుల అభిప్రాయ సేకరణ జరిగింది. ఉత్తర్వు ఇలా ఉంది: ‘అభిప్రాయములను విడివిడిగా సేకరించుట పథక స్ఫూర్తికి విరుద్ధము. కావున తల్లిదండ్రులందరూ ఏకకాలమున తమ అభిప్రాయములను వెల్లడించవలెను. ఐదుగురు అధికారులు ఏకకాలమున ఆలకించెదరు.’

ఆ రోజు సబబు తరగతిలో నూట అరవై మంది తల్లిదండ్రులు కూర్చున్నారు. ఎదురుగా బల్ల దగ్గర దక్షిణామూర్తి గారూ, ఆయన ఆఫీసులోని మరో నలుగురు అధికారులూ కూర్చున్నారు. గంట కొట్టారు. అందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. మూడు నిమిషాల్లో మళ్లీ గంట కొట్టాలి. కానీ మొదటి గంటకు లేచిన గోలలో రెండో గంట ఎవరికీ వినపడలేదు. పావుగంట గడిచింది. అధికారులు ఐదుగురూ తలలు ఊపుతూనే ఉన్నారు.

శేషారత్నానికి ఓపిక నశించింది. లేచి నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, మర దగ్గరి గొంతుతో అరిచింది. “అయ్యా! ఏం చెప్తన్నారో ఒక్క ముక్క వినపడట్లా!”

గది మొత్తం మీద అధికారులకు అర్థమైన వాక్యం అదొక్కటే. ఐదుగురూ రాసుకున్నారు. మరుసటి వారం బడి ఆవరణలో చెవి పరీక్షల శిబిరం వెలిసింది. శేషారత్నంతో మొదలుపెట్టి తల్లిదండ్రులందరి చెవుల్లోకీ దీపం వేసి చూశారు. ఇద్దరు ముసలి తాతలకు తప్ప అందరికీ చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి. నివేదికలో ఇలా రాశారు: ‘తల్లిదండ్రుల చెవులు సక్రమముగా పనిచేయుచున్నందున తరగతి గదిలో అన్నియు వినబడుచున్నవని నిర్ధారణ అయినది.’

శేషారత్నం ఏడో తరగతి దాకా చదువుకుంది. తెల్లకాగితం తీసుకుని తనే ఉత్తరం రాసింది. ‘అయ్యా, ఈ పద్ధతి సబబు కాదు. మా పాపకు వచ్చిన చదువు కూడా పోతున్నది. గోడలున్నప్పటి పాత పద్ధతే సబబు. దయచేసి ఆలోచించండి.’

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. ‘ఒకటి: సదరు పద్ధతి సబబు కాదని తాము పేర్కొన్నారు. రికార్డులు పరిశీలించగా అది జూన్ పన్నెండవ తేదీ నుండి సబబే అని తేలినది. రెండు: పాత పద్ధతి సబబు అని పేర్కొన్నారు. పాత పద్ధతి ఏనాడును సబబు కాదు. మూడు: సబబు కానిదానిని సబబనియు, సబబైనదానిని సబబు కాదనియు ఇకపై రాయరాదు. నాలుగు: ఒక్కరి అభిప్రాయము అభిప్రాయముగా పరిగణింపబడదు. ఉమ్మడి అభిప్రాయము పంపవలెను.’

శేషారత్నం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, పక్కింటి కాశింబికి ఇచ్చింది. కాశింబిది గాజుల కొట్టు. ఆమె మనవడు ఒకటో తరగతి.

“ఏమంటారు రత్నమ్మా వీళ్లు?”

“నేనొక్కదాన్ని అంటే చెల్లదంట అక్కా. అందరం కలిసి అనాలంట.”

“అనకపోతే ఊరుకుంటామా? పద.”

ఇద్దరూ వారం రోజులు ఇల్లిల్లూ తిరిగారు. నూట నలభై ఇద్దరి చేత రాయించారు. పిల్లాడికి వినపడటం లేదని ఒకరు రాశారు. పాపకు టీచరు కనపడటం లేదని ఒకరు రాశారు. తమ వాడు రెండేళ్ల కిందట చదివిన పాఠమే మళ్లీ చదువుతున్నాడని ఐదో తరగతి తండ్రి రాశాడు. తన మనవడు బడి నుంచి రాగానే ఏదడిగినా చప్పట్లు కొడుతున్నాడని, ఇంకేం రావడం లేదని కాశింబి రాయించింది. ఆ దొంతరంతా సంచిలో పెట్టుకుని శేషారత్నం జిల్లా కేంద్రానికి వెళ్లి దక్షిణామూర్తి గారి బల్ల మీద పెట్టింది.

ఆయన చల్లని గదిలో తలుపు వేసుకుని ఒక్కో కాగితమూ తీరిగ్గా చదివారు. చదివి, కళ్లజోడు తీశారు.

“చూడమ్మా, ఇందులో ఒకరు చెప్పినదానికీ ఇంకొకరు చెప్పినదానికీ పొంతన లేదు. ఒకరు వినపడదంటారు, ఒకరు కనపడదంటారు. అంటే ఏమిటన్నమాట? లోపం తరగతిలో లేదు. తల్లిదండ్రుల్లో సమన్వయం లేదు. పిల్లలు సమ్మేళితమైపోయినా మీరు ఇంకా విడివిడిగానే ఉండిపోయారు.”

“మరి విడివిడిగానే గదా సారూ కన్నది!”

“అదే సరిదిద్దవలసిన అంశం” అన్నారాయన గంభీరంగా. వెంటనే కలం తీసి రాసుకున్నారు.

సెప్టెంబరులో తల్లిదండ్రుల సమ్మేళన ఉత్తర్వు వచ్చింది. ఇకపై నూట ఎనభై ఏడుగురు పిల్లలకూ కలిపి ఐదుగురు తల్లిదండ్రులు. ఒక ప్రధాన తల్లి, ఒక సహాయక తల్లి, ఒక పరిశీలక తండ్రి, ఒక నమోదు తండ్రి, ఒక ఆనంద తల్లి. ఆఫీసు రికార్డుల్లో వినపడినట్టు నమోదైన ఏకైక గొంతు శేషారత్నానిది కాబట్టి ఆమెను ప్రధాన తల్లిగా నియమించారు. కాశింబి సహాయక తల్లి. సైకిల్ షాపతను పరిశీలక తండ్రి. ఫొటో స్టూడియో అతను నమోదు తండ్రి. పూలమ్మే ఆమెకు ఆనందం వచ్చింది. మిగతా తల్లిదండ్రులకు పిల్లలతో మాట్లాడుకోవడానికి అభ్యంతరం లేదు గానీ, సంతకాలు మాత్రం చెల్లవు.

మొదట్లో ఊరు నవ్వుకుంది. తర్వాత ప్రోగ్రెస్ కార్డులు వచ్చాయి. నూట ఎనభై ఏడు కార్డులూ శేషారత్నం మర దగ్గరికే వచ్చాయి. ఒకచేత్తో మిరపకాయలు పోస్తూ ఇంకోచేత్తో సంతకాలు పెట్టింది. కార్డులు అందుకున్న పిల్లలంతా తుమ్మారు. ఒకరోజు వెనక వీధి నుంచి ఒక తల్లి ఏడుపు మొహంతో వచ్చింది.

“మా వాడికి జొరం వదినా. సెలవు చీటీ నేను రాసిస్తే చెల్లదన్నారంట. నువ్వే రాయాలంట.”

శేషారత్నం రాసిచ్చింది. పక్కన కన్నతల్లి నిలబడి ఉండగా ‘నా కుమారునికి జ్వరము’ అని రాయడం ఆమెకు దొంగతనంలా అనిపించింది.

ప్రధాన తల్లి ఇల్లే ఇక పిల్లలందరి సమ్మేళన గృహం కాబట్టి, అక్టోబరులో దక్షిణామూర్తి గారు దాన్ని చూడడానికి వచ్చారు. మర వెనక షెడ్డులో అరవై మంది పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, తల్లిదండ్రుల బృందం చేత మధ్యాహ్నం భోజనం పెట్టించి చూడాలని ఆయన కోరిక. అంతా నియమం ప్రకారమే జరిగింది. ప్రధాన తల్లి శేషారత్నం “తినండి” అంది. సహాయక తల్లి కాశింబి ఖాళీ కంచం ఎత్తి చూపించింది. పరిశీలక తండ్రి వరసల మధ్య తిరిగి పిల్లలు చూశారో లేదో చూశాడు. నమోదు తండ్రి ఫొటో తీశాడు. ఆనంద తల్లి చప్పట్లు కొట్టింది. వడ్డించడం ఎవరి పదవిలోనూ లేదు. అన్నం గిన్నె మూల ఆవిర్లు కక్కుతూ ఉంది. అరవై మంది పిల్లలు దాని వంకే చూస్తున్నారు.

“అద్భుతం. క్రమశిక్షణ ఉట్టిపడుతోంది” అన్నారు దక్షిణామూర్తి గారు.

ఆయన జీపు వీధి మలుపు తిరగగానే శేషారత్నం కొంగు బిగించి గిన్నె ఎత్తింది. ఐదుగురూ కలిసి పరుగులమీద వడ్డించారు. వరస చివర కూర్చున్న వల్లి దగ్గరికి వచ్చేసరికి అన్నం అడుగంటింది. ఆ పిల్ల తల్లి వంక చూసి మెల్లగా అడిగింది.

“అమ్మా, నువ్వు అందరికీ అమ్మవైతే, నాకెంత వస్తావు?”

అది ఎంత లెక్కో శేషారత్నానికి తెలియలేదు. నూట ఎనభై ఏడో వంతు అని వల్లికీ తెలియదు. భాగహారం ఆ పిల్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు. శేషారత్నం గిన్నె కింద పెట్టి, పిల్లను ఎత్తుకుని షెడ్డు బయటికి వెళ్లింది. చాలాసేపు అక్కడే నిలబడింది. తిరిగి వచ్చేటప్పటికి ఆమె మొహంలో ఏడుపు లేదు. కాశింబి మాత్రం ఆ మొహం చూసి, “ఏందో చేయబోతన్నావు నువ్వు” అంది.

ప్రధాన తల్లి ప్రతినెలా ఆనంద నివేదిక అనే కాగితం నింపి పంపాలి. అందులో ఒకే ప్రశ్న ఉంటుంది: ‘ఈ విధానమును ఇంకను ఎక్కడెక్కడ విస్తరింపజేయవలెనని తాము కోరుచున్నారు?’ గత నెల శేషారత్నం దాన్ని ఖాళీగా పంపింది. ఈసారి కమలాకరం గారి బల్ల దగ్గర కూర్చుని, ఆయన కలమే అడిగి తీసుకుని, గుండ్రటి అక్షరాలతో రాసింది.

‘మా పిల్లలకు ఇంత మేలు చేసిన అధికారులు మాత్రం ఇంకా ఎవరి గదిలో వారు ఒంటరిగా ఉంటున్నారు. వారి గోడలు కూడా తీయించి, ఐదుగురినీ ఒకే బల్ల దగ్గర కలపవలెనని నూట ఎనభై ఏడుగురి తల్లిగా కోరుతున్నాను.’

కమలాకరం గారు చదివి అటూ ఇటూ చూశారు. “అమ్మా, ఇది నేను పైకి పంపాలా?”

“పంపాలని మీ రూల్లోనే ఉంది గదా మేష్టారూ.”

“ఉంది” అని ఆయన ఒప్పుకున్నారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఏ కాగితాన్నీ అంత చురుగ్గా కవర్లో పెట్టి ఉండరు.

రాజధానిలో పై అధికారులు ఆ ఏడాది అందుకున్న ఆనంద నివేదికలన్నిటిలోనూ నింపిన గడి అదొక్కటే. వాళ్లు పొంగిపోయారు. పథకాన్ని విస్తరించమని ప్రజలే అడుగుతున్నారు! నవంబరు మొదటి వారంలో జిల్లా కేంద్రంలోని ఆ ఆఫీసుకు పలుగులు చేరాయి. ఇత్తడి పలకలు ఊడదీసి ఒక పెట్టెలో వేశారు. చల్లగాలి యంత్రం ఒకటే మిగిలింది. అదీ హాలంతటికీ చాలక మూలుగుతూ ఉండిపోయింది. ఐదుగురు అధికారులు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ప్రధానాధికారి ఫైలు చదవాలి, సహాయకాధికారి దాన్ని ఎత్తి చూపాలి, పరిశీలకాధికారి మిగతావాళ్లు చూశారో లేదో చూడాలి, నమోదు అధికారి ఫొటో తీయాలి. పదవులకు రోజూ చీటీలు వేసేవాళ్లు; ఏ రోజు వేసినా దక్షిణామూర్తి గారికి ఆనందాధికారి పదవే వచ్చేది.

డిసెంబరు మొదట్లో నెల నివేదిక స్వయంగా ఇవ్వాలని శేషారత్నం ఆఫీసుకు వెళ్లింది. మెట్ల మీదికే చప్పట్లు వినిపించాయి. హాలంతా జనం. ఎవరి అర్జీ ఎవరు చదువుతున్నారో తెలియదు. ఒక పింఛను ఫైలు మీద ఒక ముసలి టీచరు గారు నవంబరు నుంచి చప్పట్లు కొట్టించుకుంటున్నారు, సంతకం మాత్రం పడలేదు. దక్షిణామూర్తి గారి అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆమెను చూడగానే ఆయన లేచి వచ్చి మెట్ల మలుపులోకి తీసుకెళ్లారు.

“అమ్మా, మీరు రాసిన కాగితమేగా ఇది?”

“అవును సారూ. బాగుందా?”

“ఏం బాగు! ఒక్క ముక్క వినపడటం లేదు. ఫైలు మొదలుపెట్టినవాడు మర్నాడు ఉండడు. ఆలోచిద్దామంటే పక్కవాడి ఆలోచన చెవిలో పడుతోంది. ఇట్లా మనిషన్నవాడు పని చెయ్యగలడా?”

“మీ చెవులు చూపించుకున్నారా సారూ?” అని శేషారత్నం ఎంతో ఆదరంగా అడిగింది.

ఆయన హాలు వైపు ఒకసారి తొంగి చూశారు. తర్వాత గొంతు తగ్గించి, “ఒక్క గోడ. ఒక్కటి చాలు. విస్తరణ కోరింది మీరు కాబట్టి సవరణ కూడా మీరే కోరాలి. లేకపోతే పైవాళ్లు వినరు. ఒక్క సంతకం పెట్టండమ్మా” అన్నారు.

“నేనొక్కదాన్ని అడిగితే చెల్లదు గదా. మీ ఐదుగురూ కలిసి రాసుకురండి, ఉమ్మడి అభిప్రాయం.”

ఐదుగురు అధికారులూ ఆ ఉద్యోగాల్లో చేరిన నాటి నుంచి ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారి. అరగంటలో ఉత్తర్వు నమూనా తయారైంది. గోడ అనే మాట వాడకూడదు, ఎందుకంటే గోడలు రద్దయ్యాయి. కాబట్టి ‘నిలువు శబ్ద నియంత్రిక’ అని రాశారు. తలుపును ‘కదులు నియంత్రిక’ అన్నారు. గదిలో ఒక్కరే కూర్చుంటే బృందం ఎలా అవుతుందని ఒక అధికారికి సందేహం వచ్చింది. దక్షిణామూర్తి గారు కణత నొక్కుకుని ఆలోచించి, ‘ఏకసభ్య బృందము’ అన్నారు. నలుగురూ ఆయన వంక భక్తితో చూశారు.

శేషారత్నం కలం పట్టుకుంది గానీ సంతకం పెట్టలేదు. “ఇందులో ఒట్టి ఆఫీసనే ఉందేంది సారూ?”

“ఇది ఆఫీసు గురించే కదమ్మా. బడికి విడిగా చూద్దాం, వచ్చే సంవత్సరం.”

“ఆఫీసుకొక కాగితం, బడికొక కాగితమా? విడివిడిగానా?” ఆమె బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. “అట్టయితే పథకం స్ఫూర్తి ఏం కావాలి? పైనుంచి ఎవురన్నా అడిగితే నేనేం చెప్పేది?”

లోపల ఎవరో అర్జీదారు, ఆనందాధికారి లేకపోవడంతో, తనకు తనే చప్పట్లు కొట్టుకుంటున్నాడు. దక్షిణామూర్తి గారు ఆ చప్పుడు విన్నారు. తన అరచేతులు చూసుకున్నారు. కాగితం తీసుకుని, ‘ఆఫీసు’ అన్న మాట ముందు ‘పథకము అమలగు సమస్త పాఠశాలలు మరియు’ అని చేర్చారు. శేషారత్నం ఆ చేర్పును వేలు పెట్టి చదువుకుని, అప్పుడు సంతకం పెట్టింది.

రాజధానిలో దాన్ని పథకం రెండో దశ అన్నారు. జనవరిలో బడి తెరిచేసరికి నల్లరేగడిపాడు సబబు తరగతిలో నాలుగు నిలువు శబ్ద నియంత్రికలు లేచాయి. ఇటుకలతో కట్టి, సిమెంటు పూసి, కొత్తగా సున్నం వేశారు. ఏకసభ్య బృందాలు ఐదు ఏర్పడ్డాయి. ఏకసభ్య బృందంలో ఒకే మనిషి చెప్పాలి, చూపాలి, చూడాలి. చప్పట్లు అవసరమైతేనే కొట్టాలి. ఒక్కో బృందానికి ఏ పాఠం చెప్పాలనే సగటు మళ్లీ లెక్కవేస్తే రెండో తరగతికి రెండో తరగతి పాఠమే వచ్చింది. తల్లిదండ్రుల బృందం కూడా పాఠశాల లెక్కలోకే వచ్చి, తల్లిదండ్రులంతా ఎవరికి వాళ్లు ఏకసభ్య బృందాలైపోయారు కాబట్టి జ్వరం చీటీలు ఎవరి పిల్లలకు వాళ్లే రాసుకున్నారు. వెనక వీధి తల్లి మొదటి చీటీ రాశాక, పిల్లాడికి జ్వరం లేకపోయినా, శేషారత్నానికి చూపించి పోయింది.

రెండో తరగతి హైమవతి టీచరుకు వచ్చింది. ముప్ఫై తొమ్మిది మంది పిల్లలు. ఆమె మొదటి రోజు గదిలోకి వచ్చి, తలుపు వేసి, కుర్చీలో కూర్చుని, కాసేపు ఏమీ మాట్లాడలేదట. పిల్లలు కూడా మాట్లాడలేదట. “టీచరు కళ్లు తుడుచుకుందమ్మా. చాక్‌పీసు పొడి పడిందంట” అని వల్లి ఇంటికొచ్చి చెప్పింది.

ఫిబ్రవరిలో దక్షిణామూర్తి గారికి నూతన ఆవిష్కరణ పురస్కారం వచ్చింది. ఒక గది, ఒక టీచరు, ఒక తరగతి అనే విధానాన్ని కనిపెట్టినందుకు. మిగతా జిల్లాల నుంచి ముప్ఫై మంది అధికారులు ఆ వింతను చూడడానికి బస్సు కట్టుకుని వచ్చారు. దక్షిణామూర్తి గారు వాళ్లను వరండాలో నడిపించుకుంటూ తెచ్చి, రెండో తరగతి కిటికీ దగ్గర ఆపారు.

“బృందంలో మిగతా సభ్యులు ఎక్కడ?” అని ఒక అధికారి అడిగారు.

“లేరు. అదే ఇందులోని కిటుకు” అన్నారు దక్షిణామూర్తి గారు.

“మరి పిల్లలు ఎటు చూడాలో వాళ్లకెలా తెలుస్తుంది?”

“ఒక్కరే ఉన్నారు కదండీ. అటే చూస్తారు.”

ముప్ఫై మందీ నివ్వెరపోయారు. ఇంత తేలిక సంగతి తమకెందుకు తట్టలేదని గుసగుసలు మొదలయ్యాయి. నియంత్రిక మందం ఎంత, ఇటుకలు ఎక్కడివి, ఈ ఏకసభ్య టీచరుకు ఎక్కడ శిక్షణ ఇచ్చారు అని ఒకరి మీద ఒకరు అడుగుతున్నారు. ఒకాయన కిటికీలోంచి ఫొటో తీయబోయాడు. లోపల హైమవతి టీచరు ఒక్కసారి తలెత్తి చూసి, మళ్లీ తల తిప్పుకుంది. ఆమె ముందు వల్లి పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. ఒక వాక్యం చదివింది. రెండో వాక్యంలో ఒత్తు దగ్గర ఆగిపోయింది. టీచరు మాట అందివ్వలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది.

సందర్శకులకు అభిప్రాయం చెప్పడానికి పిలిపించిన శేషారత్నం వరండా స్తంభం దగ్గర నిలబడి ఉంది. ముప్ఫై మందీ ఆమె వైపు తిరిగారు. పుస్తకాలు తెరిచారు, కలాలు తీశారు.

“చెప్పమ్మా, తల్లిగా ఈ నూతన విధానంపై మీ అభిప్రాయం ఏమిటి?”

శేషారత్నం వాళ్ల వంక చూడలేదు. కిటికీలోంచి లోపలికే చూస్తోంది.

“కాసేపు మాట్లాడకుండా ఉండండయ్యా” అంది. “పిల్ల చదువుకుంటంది.”

ముప్ఫై మంది అధికారులూ ఆ మాటను ఉన్నది ఉన్నట్టు రాసుకున్నారు. రాసుకున్నాక, అది అభిప్రాయమో ఉత్తర్వో తేల్చుకోలేక, మాట్లాడకుండా నిలబడ్డారు. లోపల వల్లి ఆ ఒత్తును కూడగట్టుకుని పలికి, తర్వాతి మాటలోకి వెళ్లింది.